గాయపడినవారి పేజీ

మా ఊరి గురించి ఇంటర్నెట్లో ఒక వికీ ఉండేది. ఇప్పుడు లేదు. పోయిందని బాధపడేవాళ్లు సిద్దిపేటలో పదిమంది కూడా ఉండరు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన ఆ సంవత్సరాల్లో దానిలో ఎవరు రాయాలి, ఎవరు రాయకూడదు అని ఒక పంచాయితీ జరిగింది. ఆ పంచాయితీలో నేనూ ఒక మాట చెప్పాను. నా మాటే నెగ్గింది. అది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. మొదట్లో ఆ రోత ఇతరుల మీద ఉండేది.

పాత బస్టాండు వెనక, మేడమీది ఒక గదిలో కంప్యూటర్ సెంటర్ ఉండేది. అది నడిపే మనిషికి అప్పటికి ముప్పయ్యయిదేళ్లుంటాయి. అదే గదిలో వాళ్ల నాయన రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక కొడుకు నాలుగు కంప్యూటర్లు పెట్టి టైపింగ్ నేర్పేవాడు, దరఖాస్తులు నింపేవాడు, జిరాక్సులు తీసేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. రెండూ కలిపి కోపంలో మాట్లాడేవాడు. నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా ఒక దినపత్రికకు విలేకరిని. వార్తలు పంపడానికి రోజూ సాయంత్రం అతని దగ్గరికే వెళ్లేవాడిని. అలా ఒకరోజు తెర మీద మా ఊరి పేరు, దాని కింద కోమటిచెరువు ఫోటో కనిపించాయి.

"గిదేంది భాయ్, కొత్త పేపర్ పెట్టినవా?" అని అడిగాను.

"పేపర్ గాదన్నా. పేపర్ల మీరు రాస్తరు, మేం సదువుతం. గిండ్ల ఎవలన్న రాయొచ్చు. తప్పుంటే ఇంకొకలు దిద్దొచ్చు. ఎవలు ఏం దిద్దిండ్రో ఎనకకు వోయి సూడొచ్చు, అంత ఉంటది."

"తాగొచ్చి రాస్తే?"

"తెల్లారి ఇంకొకడు దిద్దుతడు."

"వాడు గూడ తాగొచ్చినోడైతే?"

"అప్పుడు మీ పేపర్ లెక్కయితది, ఇంకేముంది."

నవ్వాను. ఆ వికీ మెల్లగా నిండడం నా కళ్లముందే జరిగింది. నంగునూరు నుంచి వచ్చే ఒక రైతు తమ ఊళ్లో ఏ బావి ఎప్పుడు తవ్వారో, ఏది ఎప్పుడు ఎండిందో చెప్పి రాయించుకున్నాడు. దౌల్తాబాద్ బస్సు వేళలు ఒక కండక్టరు తానే ఎక్కించి, మారినప్పుడల్లా మార్చేవాడు. చీర మీద బొమ్మ నేసే ఒక ముసలాయన మగ్గం ముందు కూర్చున్న తీరులోనే కుర్చీలో కూర్చుని, పోగు పోగుగా చెప్పాడు. తప్పులున్నాయి. రెండు పేజీల్లో ఒకే చెరువుకు రెండు చరిత్రలు ఉండేవి. ఎవరూ కొట్టుకోలేదు.

ఉద్యమం ఊపందుకున్నాక ఊళ్లో దీక్షా శిబిరం పడింది. రోజుకొక కులసంఘం, రోజుకొక వృత్తిసంఘం వచ్చి పొద్దంతా కూర్చుని సాయంత్రం లేచేది. ఆ రోజు కూర్చున్నవాళ్ల పేర్లు వికీలో ఎక్కేవి. పత్రికల్లో అన్ని పేర్లూ రావు కాబట్టి, జనం మేడమీదికి ఎక్కి తమ పేరుందో లేదో చూసుకుపోయేవాళ్లు. చదువురానివాళ్లు కూడా వచ్చి, "నా పేరు యాడున్నది, వేలు వెట్టి సూపియ్యి భాయ్" అనేవాళ్లు. అతను తెర మీద వేలు పెట్టి చూపించేవాడు. వాళ్లు అక్కడే కాసేపు చూసి దిగిపోయేవాళ్లు.

ఆ తర్వాత కరీంనగర్ రోడ్డు మీద రాస్తారోకో జరిగింది. పొద్దున మొదలైంది, మధ్యాహ్నానికి తోపులాట అయింది. పోలీసులు ఆడవాళ్లను వ్యాన్లలోకి ఎక్కించారు. పదిహేడు మందికి దెబ్బలు తగిలాయి. నేను అక్కడే ఉన్నాను, లెక్క నాదే. మరునాడు మేడమీద కొత్త పేజీ మొదలైంది: 'రాస్తారోకోలో గాయపడినవారు'.

ఆ పేజీలో ఐదో పేరు ఒక బీడీలు చేసే ఆమెది. నలభై దాటిన మనిషి. మగడు లేడు, తల్లిని సాకుతోంది. శిబిరంలో బీడీ కార్మికుల వంతు ఒక్కరోజే అయినా, ఆమె చాట, ఆకుకట్ట తెచ్చుకుని చాలా రోజులు టెంటు మూలన కూర్చునేది. రాస్తారోకో నాడు వ్యాను తలుపు మూసినప్పుడు ఆమె కుడిచేతి చూపుడువేలు అందులో నలిగింది. కట్టు కట్టించుకుని నేరుగా మేడెక్కి కూర్చుంది. ఆమె చెబుతుంటే సెంటర్ అతను ఉన్నదున్నట్టు కొట్టాడు:

"నేను బీడీలు చేస్త. ఆ దినం మమ్ముల వ్యాన్ల ఎక్కిచ్చిండ్రు. నా చెయ్యి ఇంక బయటనే ఉన్నది, తలుపు ఏసిండ్రు. నేను మొత్తుకున్న. నా పక్కపొంటి ఉన్నామె తలుపు గుద్దింది. రోడ్డు దాటినంక తీసిండ్రు. ఏలు నల్లగైంది. బీడీ మూతి మలిచి నొక్కేది గా ఏలుతోనే."

ఇది చదివినప్పుడు నాకేమనిపించిందో నిజం చెప్పాలి. మంచి సమాచారమే కానీ ఇది రాసే పద్ధతి కాదు అనిపించింది. గాయపడినవారి జాబితాలో 'నేను', 'నా' ఏమిటి, మొత్తుకోవడం ఏమిటి అనిపించింది. అంతకంటే ఏమీ అనిపించలేదు. మా భాషకు మర్యాద కావాలని ప్రతి సభలో మైకు పట్టుకుని చెప్పే మాటలు రాసుకుని, వాటిని పత్రికభాషలోకి మార్చి పంపే ఉద్యోగం నాది. అలవాటైపోయింది.

వారం తిరగకముందే ఆ పేజీ మొదటి వరుసలోకి ఒక వార్డు నాయకుడి పేరు వచ్చింది. చేతికి కట్టుతో ఉన్న ఫోటో, పేరుకు ముందు మూడు విశేషణాలు, వెనక రెండు పదవులు. ఆ కట్టు సంగతి నాకు తెలుసు. రాస్తారోకోకు రెండు రోజుల ముందు, మోటార్‌సైకిల్ మీద నుంచి పడి ఆయన దవాఖానలో కట్టు కట్టించుకుంటుంటే, పక్క బెంచీ మీద మా నాయనకు సూది వేయించడానికి నేను కూర్చుని ఉన్నాను. "ఏమైందన్నా?" అంటే, "కుక్క అడ్డమొచ్చింది" అని తనే చెప్పాడు. రాస్తారోకో నాడు ఆయన రోడ్డు మీదికి వచ్చిన మాట నిజమే. ఫోటోలు దిగేవరకు ఉన్నాడు.

ఆ పేరు ఎక్కించింది ఆయన అనుచరుడు. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఉండేవాడు. సెంటర్ అతను ఆ పేరు తీసేశాడు. అనుచరుడు మళ్లీ పెట్టాడు. ఇంకెవరో దాని కింద "కుక్క కూడా గాయపడింది, దాని పేరు ఎందుకు లేదు?" అని రాశారు. దానికి జవాబుగా తల్లిని తిట్టారు. ఆ తిట్టుకు ఇంకో తిట్టు. రోజూ సాయంత్రం నేను వార్త పంపడానికి వెళ్లేసరికి ఆ పేజీ ఎవరో ఉమ్మేసిన గోడలా ఉండేది. ఒకనాడు బీడీల ఆమె మాటల కింద, పేరు చెప్పని ఒక మగాడు ఇలా రాశాడు: "ఈమె ఆ రోజు అక్కడ లేనే లేదు, ఇంట్లో రోలు కింద వేలు పెట్టుకుని సానుభూతి కోసం వచ్చింది." ఆ రాసిన తీరు, 'సానుభూతి' అన్న ఆ మాట చూసి నాకు రోత పుట్టింది. ఒక మనిషి పనిగట్టుకుని మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి మరీ ఈ పని చేశాడు కదా అనుకున్నాను.

"బంద్ చేస్త అన్నా," అన్నాడు సెంటర్ అతను. "క్యా కర్నా, ఊరికి మంచిగ ఉంటదని పెడితే ఊరి మోరీల మురికంత నా ఇంట్లకొచ్చింది."

"బంద్ చేసుడెందుకు? రాసెటోళ్లకు హద్దు వెట్టాలె," అన్నాను. ఆ మాట మొదట అన్నది నేనే.

పంచాయితీ శిబిరంలోనే జరిగింది. సాయంత్రం ఆ రోజు కూర్చున్నవాళ్లకు నిమ్మరసం ఇచ్చి లేపాలి. గ్లాసు పట్టుకున్న నాయకుడి చెయ్యి, గ్లాసు అందుకునేవాళ్ల మూతి ఫోటోలో సరిగా పడేవరకు ఆ మనుషులు నోరు తెరిచి ఆగేవాళ్లు. పొద్దంతా తిననివాళ్లు గ్లాసు పెదవులకు తగిలి కూడా తాగకుండా కెమెరా వైపు చూడటం నాకు అలవాటైన దృశ్యం. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను. అది అయ్యాక చాప మీద ఓ ముప్పైమంది మిగిలారు. ఎవరు రాయాలి అన్నది ప్రశ్న.

ఊళ్లో అందరికీ చదువు చెప్పిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ముందు లేచారు. "క్లాసుల అందరికి చాక్‌పీసు ఇస్తే బోర్డు మీద ఏముంటది? ఒక్కడు రాయాలె, మిగిలినోళ్లు సదువాలె. పదో తరగతి గూడ పాస్ గానోనికి చరిత్ర రాసే పని ఎందుకు?"

"అట్లైతె మా అన్న సుత రాయొద్దు సార్," అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వులు. వార్డు నాయకుడు పదో తరగతి మూడుసార్లు రాసిన సంగతి అందరికీ తెలుసు.

తెల్లచొక్కా అనుచరుడు లేచాడు. "మజాకులొద్దు. ఇది ఉద్యమం. కమిటీల ఉన్నోళ్లే రాయాలె. లెటర్ ప్యాడ్ మీద రాసి, సంతకం వెట్టి, ముద్ర ఏస్తేనే ఎక్కియ్యాలె. లేకుంటే ఎవడు వడితే వాడు వచ్చి మా అన్నను కుక్కతోని కలుపుతుండు."

"కుక్కనే వచ్చి మీ అన్నతోని కలిసిందట గదరా," అన్నాడు ఇందాకటి గొంతే.

ఆ నవ్వులు తగ్గాక ఆడవాళ్ల వైపు నుంచి బీడీల ఆమె మాట్లాడింది. లేవలేదు, చాట ఒళ్లోనే ఉంది. కట్టు ఉన్న వేలు పైకి లేపి ఆకు మలుస్తోంది. అది నడుమ నడుమ జారిపోతోంది. "నాకు సదువు రాదు. భాయ్ కొట్టిండు, నేను చెప్పిన. నేను చెప్పింది తప్పైతే ఆ దినం వ్యాన్ల నా పక్కకున్నామెను అడుగుండ్రి, గీడనే ఉన్నది. రోలు కింద ఏలు వెట్టిన్నని రాసినోడు ఎవడో రమ్మనుండ్రి, మా ఇంట్ల రోలే లేదు. మీరు సదువుకున్నోళ్లే రాస్తమంటే, మా ముచ్చట మీకెట్ల తెలుస్తది? వ్యాన్లకు మీరు ఎక్కలే గద."

"నీ ముచ్చట ఎవరు తీస్తమన్నరమ్మా? రాసుడు వేరు, ఉండుడు వేరు," అన్నారు హెడ్మాస్టరు.

అందరూ నా వైపు చూశారు. విలేకరిని కదా. నేను నిదానంగానే మాట్లాడాను. రాయడం ఒక పని అన్నాను. కట్టెకొట్టే పనికి కట్టెకొట్టేవాడు, బట్టకుట్టే పనికి దర్జీ ఉన్నట్టు దీనికీ అలవాటు ఉన్నవాళ్లు కావాలి అన్నాను. ముగ్గురు చాలు, వచ్చినవాళ్లంతా రాస్తే ఎట్లా అన్నాను. అనుచరుడు మొదటిసారి నా మాటకు తలూపాడు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

చివరికి ముగ్గురిని తేల్చారు: హెడ్మాస్టరు, నేను, మూడోవాడుగా ఆ అనుచరుడు. అతన్ని బయట పెడితే రేపు సెంటర్ మీదికి మనుషుల్ని తెస్తాడన్న భయం. సెంటర్ అతను తనకు తానే, "నా పేరు వద్దు, నాది దుకాణం" అన్నాడు. తానిక ముట్టుకోనని అందరి ముందు మాట ఇచ్చి, మా ముగ్గురికి మూడు చిట్టీల మీద పాస్‌వర్డులు రాసిచ్చాడు. నా చిట్టీని మడిచి, ప్రెస్ కార్డు వెనక పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లేదాకా ఆ జేబు మీద చెయ్యి ఉంది. ఆ సంతోషం ఇప్పుడు గుర్తొస్తే ఆ చెయ్యి నాది కాదనుకోవాలనిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం సెంటర్లో కూర్చుని ఆ పేజీ బాగుచేశాను. ముందు తిట్లు తీసేశాను. రోలు మాట తీసేశాను. నాయకుడి పేరు దగ్గర ఆగాను. అప్పటికే అనుచరుడు ఫోన్ చేసి ఉన్నాడు: "సారూ, మీరు పెద్దమనుషులు. ఆ ఒక్క పేరు ఉండనియ్యుండ్రి. మిగిలింది మీ ఇష్టం, మేం ఏలు వెట్టం." ఒక్క పేరు ఉంటే గొడవ సద్దుమణుగుతుంది, పేజీ శుభ్రంగా ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. విశేషణాలు మాత్రం తీసేశాను. అదేదో ఘనకార్యంలా అనిపించింది.

తర్వాత మిగిలిన పేజీని వార్తగా దిద్దాను. గంటలోపే అయిపోయింది. ఎంతోమంది చెప్పుకున్న మాటలు నాలుగు పేరాల్లోకి వచ్చాయి.

హెడ్మాస్టరు ఫోన్ చేసి, "ఇప్పుడు సదువబుద్ధి అయితుంది," అన్నారు. ఆ తర్వాత నేను ఆ పేజీ తెరవలేదు. శిబిరం నడిచింది, సమ్మెలు నడిచాయి. రోజుకు నాలుగు వార్తలు పంపేవాడిని. చివరికి రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగు చల్లుకుంది, నేనూ చల్లుకున్నాను. ఆ రోజు బీడీల ఆమె ఎక్కడో గుంపులో కనిపించింది. బతుకమ్మ ఆడుతోంది. చప్పట్లు మాత్రం అరచేతుల అంచులతో కొడుతోంది.

రాష్ట్రం వచ్చిన కొన్ని నెలలకు, ఒక పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గడప బయటే నిలబడింది.

"సారూ, దెబ్బలు తాకినోళ్లకు ఏదో పని ఇస్తున్నరట. హాస్టల్ల వంటకాడ ఒక జాగ ఉన్నదట. నేను పోయిన. నీ పేరు లేదన్నరు. లిస్టు మేం రాసింది గాదు, మీ ఊరోళ్లు కంప్యూటర్ల రాసుకున్నదే మాకు ఇచ్చిండ్రు, గండ్ల లేదు అన్నరు. నా పేరు ఉండే గద సారూ? భాయ్ కొట్టిండు గద?"

వేలు చూపించింది. పైకణుపు వంకరగా అతుక్కుంది. వంగదు. నలిగిన రోజు నుంచి ఆమె చేసిన బీడీలు మూతి దగ్గర వదులుగా ఉంటున్నాయని కార్ఖానాలో సగం తీసి పక్కన పడేస్తున్నారట. ఆకు, జర్దా ఇచ్చేది తగ్గించారట. ఇంకొన్ని నెలలైతే కార్డు కూడా తీసేస్తామన్నారట. తల్లి మంచంలో ఉంది. ఆ వంటపని ఒక్కటే ఆమెకు మిగిలిన దారి.

నాకు కోపం వచ్చింది. చాలా శుద్ధమైన కోపం. పేరు ఎవరు తీశారో నాకు తెలుసనుకున్నాను. ఆ తెల్లచొక్కా, ఆ ఫోన్, "మేం ఏలు వెట్టం" అన్న ఆ గొంతు అన్నీ కళ్లముందు తిరిగాయి. "పా అక్కా, ఎవడు తీసిండో ఇయ్యాల్ల తేలుద్దాం," అని ఆమెను వెంటబెట్టుకుని మేడెక్కాను. దారిలో ఆ అనుచరుడి మీద రాయబోయే వార్తకు మొదటి వాక్యం కూడా తయారైంది.

సెంటర్ అతను నా మాట విన్నాడు. "సూద్దామన్నా," అని పేజీ తెరిచి, వెనకటి మార్పుల జాబితాలోకి వెళ్లాడు. తేదీ, వేళ, రాసినవారి పేరు, ఏం తీశారు, ఏం పెట్టారు అన్నీ ఉన్నాయి. కుర్చీ నా వైపు జరిపాడు. బీడీల ఆమె మా ఇద్దరి వెనక నిలబడి ఉంది.

ఆదివారం. మధ్యాహ్నం రెండు గంటల ముప్పై నిమిషాలు. నా పేరు. తీసేసిన భాగం ఎర్రగా ఉంది. అందులో వ్యాను తలుపు, నల్లబడిన వేలు, పక్కనున్నామె గుద్దిన చప్పుడు అన్నీ ఉన్నాయి. పెట్టిన భాగం పచ్చగా ఉంది. అందులో నాయకుడు, ఇద్దరు సంఘం అధ్యక్షులు, ఒక కార్యదర్శి, ఒక లాయరు, ఆ వెంటనే 'తదితరులు గాయపడ్డారు' అని ఉంది.

ఇది బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. జిల్లా పేజీలో మాకిచ్చే చోటు చిన్నది. ఎంతమంది పాల్గొన్నా ఐదారు పేర్లు, హోదా ప్రకారం. మిగిలినవాళ్లంతా ఆ ఒక్క మాటలోకి వెళ్తారు. ఇరవై ఏళ్లు రోజుకు నాలుగుసార్లు ఆ మాట రాశాను. ఎక్కువ పేర్లు రాస్తే డెస్కులో వాళ్లు తిట్టి కొట్టేస్తారు కాబట్టి మేమే ముందు కొట్టేసి పంపుతాం. ఆ ఆదివారం నా ముందున్న పేజీకి అడుగు లేదు. ఎన్ని పేర్లయినా పట్టేవి. పదిహేడు పేర్లూ నేను లెక్కపెట్టినవే. అయినా చెయ్యి ఐదో పేరు దగ్గర ఆగి పదమూడుమందిని మింగింది. ఆ ఐదింటిలో ఒకటి దెబ్బే తగలనివాడిది.

"నువ్వు సూడలేదా?" అని అతన్ని అడిగాను. అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"సూసినన్నా. తెల్లారే సూసిన. ముట్టనని పదిమంది ముంగట మాట ఇచ్చిన గద. పెద్దమనిషి రాసిండు, ఏదో లెక్క ఉంటదనుకున్న." "హమ్ కోన్ హై సాబ్, మీరు రాసింది దిద్దనీకి నేనెవన్ని," అన్నాడు.

"ఏమైంది సారూ? ఎవలు తీసిండ్రు?" అంది ఆమె వెనకనుంచి.

"పొరపాటైంది అక్కా. ఇప్పుడే ఎక్కిస్త," అని ఆమె పేరు, ఎర్రగా ఉన్న ఆమె మాటలు మొత్తం వెనక్కి తెచ్చాను. మిగిలిన పన్నెండు పేర్లు తెచ్చాను. నాయకుడి పేరు తీసేశాను. తర్వాత, నీ పేరు లేదని ఆమెను పంపేసిన ఆఫీసుకు ఇవ్వడానికి ఒక ఉత్తరం టైపు చేశాను: 'సాంకేతిక కారణాల వల్ల పై పేరు జాబితా నుంచి తొలగిపోయినందుకు చింతిస్తున్నాము.'

ఆమె ఆ కాగితం తీసుకుని సెంటర్ అతనికి ఇచ్చింది. "సదువు భాయ్."

అతను చదివాడు. ఏ మాటా నొక్కకుండా, మామూలుగా చదివాడు.

"సాంకేతిక అంటే?"

"మిషన్ల తప్పని."

"మిషిన్ తీసిందా నా పేరు?" అని నా వైపు తిరిగింది. "మిషిన్ అంత పని చేస్తే నాయకునిది ఎందుకు తీయలే సారూ?"

దొరికిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎంతోమంది అధికారుల ముందు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుని చూశాను. "నేనే తీసిన అక్కా," అన్నాను. ఎందుకు తీశానో కూడా చెప్పాను. పత్రికలో పేర్లు ఎట్లా రాస్తామో, చెయ్యి ఎట్లా అలవాటైందో అంతా చెప్పాను. చెబుతుంటే నాకే అది అర్థం లేని మాటగా వినిపించింది.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అట్లనే రాయుండ్రి మరి," అంది. "నేనే తీసిన్నని రాసి దస్కతు వెట్టుండ్రి."

రాశాను. పేరు ఉండేదని, ఫలానా ఆదివారం నేనే తొలగించానని, ఆమె గాయపడగా నేను స్వయంగా చూశానని రాసి సంతకం చేశాను. ముగ్గురం ఆ ఆఫీసుకు వెళ్లాం.

అక్కడి గుమాస్తా మధ్యవయసు మనిషి, మర్యాదస్తుడే. ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఫైలు తీసి మా పేజీ పాత జిరాక్సు చూశాడు. దాని మీద మూడు సంతకాలకు చోటు ఉంది. హెడ్మాస్టరుది, అనుచరుడిది, నాది. నాది కూడా ఉంది. ఎప్పుడు పెట్టానో కూడా నాకు గుర్తులేదు. శిబిరంలో ఎన్ని కాగితాల మీద పెట్టానో.

"సార్, గీ జాబితా కరెక్టని సంతకం వెట్టింది మీరే. ఇప్పుడు కరెక్టు గాదని రాసింది మీరే. నేను ఏది నమ్మాలె?" అన్నాడు. "పైగా ఇయ్యాల్ల పొద్దున మార్చిన పేజీ ఇయ్యాల్లనే తెస్తిరి. రేపు ఇంకొకాయన తెస్తడు. దిద్దే హక్కు మీ ముగ్గురికే ఉన్నదని మీరే తీర్మానం ఇచ్చిండ్రు, అది గూడ ఫైల్లనే ఉన్నది. మిగిలిన ఇద్దరితోని సంతకాలు తెండ్రి, పైకి పంపుత."

"ఆ జాగ ఇంక ఖాళీ ఉన్నదా?" అని సెంటర్ అతను అడిగాడు.

గుమాస్తా ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "మొన్ననే నింపిండ్రు." ఎవరితో అని నేను అడిగాను. గాయపడినవారి కుటుంబం కోటాలో వార్డు నాయకుడి మరదలికి ఇచ్చారు.

హెడ్మాస్టరును పిలుద్దాం, పై అధికారిని కలుద్దాం, పత్రికలో రాస్తాను అని నేను ఒకదాని వెనక ఒకటి మాట్లాడుతున్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపిస్తోంది. గుమాస్తా తిరిగిచ్చిన ఆ ఉత్తరాన్ని ఆమె నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుంది.

"మీరు మాట్లాడుండ్రి సారూ," అంది. "నేను వోత. పొద్దున ఆకు నానేసి వచ్చిన. ఎండితే మలిస్తే పలుగుతది."

మెట్లు దిగి, కార్ఖానా వైపు పోయే షేర్ ఆటో వెనక సీట్లో ఇరుక్కుని కూర్చుంది. వంకరవేలు తగలకుండా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుంది.